సరిహద్దు అవతల ఇల్లు, ఇవతల బడి: డెమింగ్ పాఠశాలలపై చర్చ

ఎడారి_పంతులమ్మ:

అందరికీ నమస్కారం. అమెరికాలో సరిహద్దు గురించి మనవాళ్లు మాట్లాడుకునేటప్పుడు గోడ, వీసా, వలస అనే మూడు మాటల దగ్గరే సంభాషణ ఆగిపోతుంది. అక్కడి బడుల గురించి తెలుగులో చర్చ జరగగా నేను చూడలేదు కాబట్టి ఈ అంశాన్ని ప్రారంభిస్తున్నాను.

న్యూ మెక్సికో రాష్ట్రపు దక్షిణ అంచున లూనా కౌంటీ ఉంది. కౌంటీ మొత్తానికి డెమింగ్ పబ్లిక్ స్కూల్స్ ఒక్కటే ప్రభుత్వ పాఠశాలా వ్యవస్థ. డెమింగ్ పట్టణం నుంచి దక్షిణంగా దాదాపు 50 కిలోమీటర్లు వెళితే కొలంబస్ అనే చిన్న ఊరు వస్తుంది. అక్కడి నుంచి మరో 5 కిలోమీటర్లు దాటితే మెక్సికోలోని చివావా రాష్ట్రానికి చెందిన పాలోమాస్ పట్టణం మొదలవుతుంది. పాలోమాస్‌లో నివసిస్తూ, పుట్టుకతో అమెరికా పౌరులైన పిల్లలు వందల సంఖ్యలో ప్రతి ఉదయం పాస్‌పోర్టో, పాస్‌పోర్ట్ కార్డో, జనన ధ్రువపత్రమో చేతబట్టుకుని తనిఖీ కేంద్రం గుండా నడిచి వస్తారు. ఇవతల వేచి ఉన్న పసుపు బస్సులు చిన్నపిల్లలను కొలంబస్ ప్రాథమిక పాఠశాలకు, పెద్దపిల్లలను డెమింగ్‌లోని మాధ్యమిక, ఉన్నత పాఠశాలలకు తీసుకువెళతాయి. కొలంబస్ ప్రాథమిక పాఠశాలలో చదివేవారిలో అధికులు పాలోమాస్ పిల్లలే. వారి దగ్గర రుసుము ఏమీ తీసుకోరు.

ఇది నిన్న మొన్న పుట్టిన ఏర్పాటు కాదు. కొన్ని తరాలుగా, సరిహద్దులో ఇంత ఎత్తు ఉక్కు కంచె లేని కాలం నుంచి సాగుతూ వస్తున్నది. ఒకప్పుడు పౌరసత్వంతో నిమిత్తం లేకుండా చేర్చుకునేవారు. తరువాత అమెరికా పౌరులైన పిల్లలకే పరిమితం చేశారు. నేను ఆ పాఠశాల జిల్లాలో (స్కూల్ డిస్ట్రిక్టులో) పనిచేయడం లేదు. ఇదే రాష్ట్రపు దక్షిణ భాగంలో మరో జిల్లాలో ఉపాధ్యాయురాలిని. సరిహద్దు దాటి వచ్చే పిల్లలకు పాఠం చెప్పడం అంటే ఏమిటో నాకు తెలుసు. ఈ ఏర్పాటు న్యాయమైనదని, దాన్ని నిలబెట్టుకోవాలని నా దృఢమైన అభిప్రాయం. అయితే అది ఏ పునాది మీద నిలిచి ఉందో స్పష్టంగా చెప్పగలిగితేనే దానిని కాపాడుకోగలం. సభ్యులు తమ అభిప్రాయాలను, అభ్యంతరాలను కూడా రాయవలసిందిగా కోరుతున్నాను.

డాలస్_నివాసి:

పంతులమ్మ గారికి నమస్కారం. అభ్యంతరాలు కూడా రాయమన్నారు కాబట్టి నేనే మొదలుపెడతాను. నేను టెక్సస్‌లో ఇల్లు కొనుక్కుని, ఏటా దాని మీద కట్టే ఆస్తి పన్నులో పెద్ద భాగం మా స్కూల్ డిస్ట్రిక్టుకు పోతుంటే చూస్తున్నవాడిని. ఇక్కడ మన తెలుగువారిలో చాలామంది ఇల్లు ఎంచుకునేటప్పుడు మొట్టమొదట చూసేది ఆ ఇల్లు ఏ డిస్ట్రిక్టులో ఉన్నదనే. వీధికి అటువైపు ఇల్లైతే ఒక బడి, ఇటువైపు ఇల్లైతే మరొక బడి. పక్క డిస్ట్రిక్టులో ఉంటూ బంధువుల చిరునామా చూపించి పిల్లవాణ్ణి చేర్పిస్తే, బయటపడిన రోజున ఆ తల్లిదండ్రులు ఎంత ఇబ్బంది పడతారో మనకు తెలియనిది కాదు. పక్క వీధి పిల్లవాడికి వర్తించే నివాస నియమం పక్క దేశంలో నివసించే పిల్లవాడికి వర్తించకపోవడం ఏ విధంగా న్యాయమో వివరించగలరా? ఆ పిల్లల మీద నాకు ఎటువంటి ద్వేషమూ లేదు. నియమం అందరికీ ఒకటిగా ఉండాలన్నదే నా వాదన.

విశాఖ_న్యాయవాది:

డాలస్ మిత్రులు లేవనెత్తిన ప్రశ్న సూటిగా ఉంది. అమెరికా సుప్రీంకోర్టు ఈ విషయాన్ని ఏడాది వ్యవధిలో రెండు వేర్వేరు కేసుల్లో, రెండు వేర్వేరు కోణాల నుంచి పరిశీలించింది. ఆ రెండూ టెక్సస్ నుంచి వచ్చినవే. వాటిని పక్కపక్కన పెట్టి చదివితే పాలోమాస్ పిల్లల స్థితి బాగా అర్థమవుతుంది.

మొదటిది ప్లైలర్ వర్సెస్ డో. పత్రాలు లేకుండా దేశంలో ఉంటున్న పిల్లలకు ప్రభుత్వ బడిలో ఉచిత ప్రవేశం నిరాకరించే అవకాశాన్ని 1975లో టెక్సస్ చట్టం కల్పించింది. దాని ఆధారంగా టైలర్ అనే ఊరి పాఠశాల జిల్లా అటువంటి పిల్లల నుంచి ఏడాదికి 1,000 డాలర్లు అడిగింది. తల్లిదండ్రులు కోర్టును ఆశ్రయించారు. వారు కోర్టు ముంగిట పట్టుబడి దేశం నుంచి వెళ్లగొట్టబడతారేమోనన్న ఆలోచనతో న్యాయమూర్తి విలియం వేన్ జస్టిస్ విచారణను ఉదయం 6 గంటలకు ఏర్పాటు చేశారని చదివినప్పుడు నాకు ఆ న్యాయమూర్తి మీద గొప్ప గౌరవం కలిగింది. చివరికి 1982 జూన్ 15న సుప్రీంకోర్టు 5–4 మెజారిటీతో పిల్లల పక్షాన తీర్పు ఇచ్చింది. తల్లిదండ్రులు చేసిన పనికి పిల్లలను నిరక్షరాస్యులుగా మిగిల్చే శిక్ష వేయరాదన్నది ఆ తీర్పు సారాంశం.

రెండవది మార్టినెజ్ వర్సెస్ బైనమ్, 1983. ఇందులోని పిల్లవాడు టెక్సస్‌లోని మెక్‌ఆలెన్‌లో పుట్టిన అమెరికా పౌరుడు. తల్లిదండ్రులు మెక్సికో పౌరులు, నది అవతల రేనోసాలో నివాసం. బడికి వెళ్లడం కోసం అతడు మెక్‌ఆలెన్‌లోని తన అక్క ఇంటికి వచ్చి ఉన్నాడు. ప్రధానంగా చదువు కోసమే తల్లిదండ్రులకు దూరంగా వచ్చి ఉన్నవారికి ఉచిత ప్రవేశం ఇవ్వనక్కరలేదని అప్పటి టెక్సస్ చట్టం చెప్పింది. సుప్రీంకోర్టు 8–1 మెజారిటీతో ఆ చట్టాన్ని సమర్థించింది. న్యాయమూర్తి మార్షల్ ఒక్కరే విభేదించారు.

మొదటి కేసులోని పిల్లలకు నివాసం ఉంది, పౌరసత్వం లేదు. బడి హక్కుగా దొరికింది. రెండవ కేసులోని పిల్లవాడికి పౌరసత్వం ఉంది, చట్టం గుర్తించే నివాసం లేదు, బడి దొరకలేదు. పాలోమాస్ పిల్లలు రెండవ కోవకు చెందుతారు. కాబట్టి ఫెడరల్ రాజ్యాంగం ప్రకారం డెమింగ్ బడిలో సీటు వారి హక్కు అని వాదించడం కష్టం. అయితే మార్టినెజ్ తీర్పు, నివాస నియమం పెట్టుకునే స్వేచ్ఛ రాష్ట్రాలకు ఉన్నదని మాత్రమే చెప్పింది. పెట్టుకుని తీరాలని చెప్పలేదు. టెక్సస్ తలుపు మూసింది, డెమింగ్ తెరిచి ఉంచింది. రెండూ ఆ తీర్పు పరిధిలోనే ఉన్నాయి. డాలస్ మిత్రులు అడిగిన సమానత్వం ప్రశ్నకు సమాధానం కోర్టుల్లో దొరకదు. ఆ రాష్ట్ర ప్రజలు, ఆ పాఠశాల బోర్డు సభ్యులు తేల్చుకోవలసిన విషయమది.

గుంటూరు_పాఠకురాలు:

చర్చ ఆసక్తికరంగా ఉంది. ఒక సందేహం. ఇక్కడ జిల్లా అంటే మనకు కలెక్టరు, డీఈఓ గుర్తుకు వస్తారు. అక్కడి స్కూల్ డిస్ట్రిక్టుకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, నిర్ణయాలు ఎవరు తీసుకుంటారు? ఈ వివరం తెలియకుండా ఖర్చు ఎవరి మీద పడుతున్నదో నాకు అర్థం కావడం లేదు.

ఎడారి_పంతులమ్మ:

అమ్మా, మంచి ప్రశ్న అడిగారు. డాలస్ సోదరుల అభ్యంతరానికి సగం సమాధానం ఇందులోనే ఉంది. అమెరికాలో స్కూల్ డిస్ట్రిక్టు అంటే కేవలం బడుల నిర్వహణ కోసం ఏర్పడిన స్థానిక ప్రభుత్వం. ఓటర్లు ఎన్నుకున్న బోర్డు ఉంటుంది. ఆ బోర్డు సూపరింటెండెంటును నియమిస్తుంది. న్యూ మెక్సికోలో ఇటువంటివి 89 ఉన్నాయి.

టెక్సస్‌లో బడుల డబ్బుకు స్థానిక ఆస్తి పన్ను ప్రధానమైన ఆధారం. అందువల్ల సంపన్నమైన ప్రాంతాల బడులకు, పేద ప్రాంతాల బడులకు మధ్య అంతరం పెరిగి, దాని మీద దశాబ్దాల పాటు వ్యాజ్యాలు నడిచాయి. న్యూ మెక్సికో వేరే దారి ఎంచుకుంది. 1974లో చేసిన పాఠశాల ఆర్థిక చట్టం ప్రకారం, బడుల రోజువారీ నిర్వహణకు కావలసిన సొమ్ములో అత్యధిక భాగాన్ని రాష్ట్ర ఖజానాయే సమకూరుస్తుంది. నమోదైన పిల్లల సంఖ్యను, వారి అవసరాలను బట్టి లెక్క కట్టి ఒకే సూత్రం ప్రకారం అన్ని జిల్లాలకూ పంచుతారు. చమురు, సహజ వాయువుల నుంచి వచ్చే ఆదాయం ఆ ఖజానాలో పెద్ద భాగం. కాబట్టి లూనా కౌంటీలో ఇల్లున్న మనిషి కట్టే పన్నుతోనే పాలోమాస్ పిల్లల చదువు సాగుతున్నదనే అభిప్రాయం సరైనది కాదు. పిల్లవాడు చేరితే అతని పేరుమీద రాష్ట్రం నుంచి నిధులు వస్తాయి, మానేస్తే ఆగిపోతాయి. బడి భవనాలకు తీసుకునే బాండ్ల విషయంలో మాత్రం స్థానిక ఆస్తి పన్ను భారం పడుతుంది, ఆ మేరకు స్థానికుల ఫిర్యాదులో న్యాయం ఉంది.

ఇంకొక విషయం కూడా గమనించాలి. కొలంబస్ చాలా చిన్న ఊరు. పాలోమాస్ పిల్లలు రాకపోతే అక్కడ ప్రాథమిక పాఠశాల ఇప్పటి రూపంలో నిలవడం కష్టం. అప్పుడు కొలంబస్‌లోనే ఉంటున్న చిన్నారులు రోజూ 50 కిలోమీటర్లు డెమింగ్ దాకా వెళ్లవలసి వస్తుంది. సరిహద్దు అవతలి పిల్లలను ఆపేస్తే ఇవతలి పిల్లలకు మేలు జరుగుతుందనే ఊహ అక్కడి భూగోళానికి సరిపడదు.

డాలస్_నివాసి:

నిధుల వివరణకు కృతజ్ఞతలు. స్థానిక పన్ను గురించి నేను అన్న మాట న్యూ మెక్సికోకు యథాతథంగా వర్తించదని గ్రహించాను. అయినా నా ప్రశ్న తీరలేదు. భారం కౌంటీ మీద కాకపోతే రాష్ట్రం మీద పడుతున్నది. పాలోమాస్‌లోనూ ప్రభుత్వ పాఠశాలలు ఉన్నాయి కదా. ఆ పిల్లలు నివసిస్తున్న దేశం వారికి చదువు చెప్పాలి. ఒక దేశపు బాధ్యతను మరొక దేశం తలకెత్తుకుంటే, మొదటి దేశం తన బడులను ఎప్పటికి బాగుచేసుకుంటుంది?

ఎల్‌పాసో_తెలుగు:

నేను ఎల్ పాసోలో స్థిరపడినవాడిని, కిటికీలోంచి చూస్తే అవతల మెక్సికో నగరమైన హువారెజ్ కనిపిస్తుంది. దూరం నుంచి చూసేవారికి సరిహద్దు రెండు దేశాలను విడదీసే గీతగా కనిపిస్తుంది. ఇక్కడ ఉన్నవారికి అది రోజూ రెండు వైపులా దాటే ద్వారం. డెమింగ్, సిల్వర్ సిటీ ప్రాంతాల నుంచి వృద్ధులు పళ్ల వైద్యానికి, మందులకు, కళ్లద్దాలకు పాలోమాస్ వెళతారు, ఎందుకంటే అమెరికా ధరలు వారు భరించలేరు. లూనా కౌంటీలో మిరప, ఉల్లి పొలాల్లో పనిచేసే చేతుల్లో చాలా వరకు సరిహద్దు కుటుంబాలవే. పాలోమాస్ వాళ్లు కిరాణా, బట్టలు డెమింగ్‌లో కొని, అక్కడ అమ్మకపు పన్ను కడతారు. ఆసుపత్రి విషయం కూడా అంతే: ఆ ప్రాంతపు గర్భిణులకు దగ్గరలో ఉన్న పెద్ద ఆసుపత్రి డెమింగ్‌లోదే కావడంతో చాలామంది పిల్లలు అక్కడే పుట్టారు, పుట్టుకతోనే పౌరులయ్యారు. మరికొందరి కథ వేరు. తండ్రికో తల్లికో పత్రాలు లేక దేశం నుంచి పంపివేస్తే, కుటుంబం చీలిపోకుండా ఉండేందుకు, పిల్లల బడికి అతి దగ్గరగా పాలోమాస్‌లో కాపురం పెట్టారు. డాలస్ మిత్రులు దయచేసి ఈ రెండవ వర్గాన్ని గమనించండి. ఆ పిల్లల నివాసం మెక్సికోలో ఉండడానికి కారణం అమెరికా ప్రభుత్వం తీసుకున్న నిర్ణయమే.

మెక్సికో బడుల్లో చేరవచ్చు కదా అన్నారు. అమెరికాలో పుట్టిన పిల్లవాణ్ణి అక్కడ చేర్పించడానికి చాలా ఏళ్లపాటు అపోస్టిల్ (పత్రం విదేశాల్లో చెల్లేలా ప్రభుత్వం చేసే ధ్రువీకరణ) చేయించిన జనన ధ్రువపత్రం అడిగేవారు. దాన్ని పుట్టిన రాష్ట్రపు ప్రభుత్వం నుంచే తెచ్చుకోవాలి. వీసా లేని తల్లి దాన్ని ఎలా తెచ్చుకుంటుంది? 2015లో మెక్సికో విద్యాశాఖ ఈ నిబంధనను సడలించింది. అయినా ఇంగ్లీషులో చదువు మొదలుపెట్టి, రేపు అమెరికాలో ఉద్యోగం చేయబోయే పిల్లవాడికి మధ్యలో బడి మార్చడం చిన్న విషయం కాదు. పెద్దయ్యాక ఆ పిల్లలు ఓటు వేసేది, పన్ను కట్టేది అమెరికాలోనే. చదువు లేకుండా పెరిగి వచ్చినా వారిని రావద్దనే హక్కు ఎవరికీ ఉండదు. ఆ దృష్టితో చూస్తే ఇప్పుడు బస్సు పంపడమే రాష్ట్రానికి మేలు.

టెక్సస్‌లో 2009లో ఏం జరిగిందో కూడా చెప్పాలి. డెల్ రియో పాఠశాల జిల్లా అధికారులు మెక్సికో పట్టణమైన సియుదాద్ అకూన్యా వైపు వంతెన దగ్గర మనుషులను నిలబెట్టి, పుస్తకాల సంచులతో దాటి వస్తున్న పిల్లలను ఆపి, నివాసం రుజువు చేయకపోతే బడి నుంచి తొలగిస్తామని నోటీసులు ఇచ్చారు. చట్టప్రకారం వారికి నివాసం ప్రశ్నించే అధికారం ఉండవచ్చు. కానీ ఒక బడి తన విద్యార్థిని మొదటిసారి పలకరించే చోటు వంతెన మీద సోదా కేంద్రం కాకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

చరిత్ర_విద్యార్థి:

ఎల్ పాసో మిత్రుల రచనకు కొంత నేపథ్యం జోడిస్తాను. కొలంబస్ పేరు అమెరికా చరిత్రలో నిలిచిపోవడానికి కారణం 1916 మార్చి 9న మెక్సికో విప్లవ నాయకుడు పాంచో వియా దళాలు ఆ ఊరి మీద చేసిన దాడి. దానికి ప్రతిగా జనరల్ పెర్షింగ్ సైన్యం మెక్సికోలోకి చొచ్చుకుపోయింది. అంతటి రక్తపాతం చూసిన ఊరు, కొన్ని దశాబ్దాలకే అవతలి ఊరి పిల్లలను తన తరగతి గదుల్లో కూర్చోబెట్టుకున్నదన్న సంగతి నన్ను ఎంతో ఆలోచింపజేసింది.

ఇది టెక్సస్‌లో కాకుండా న్యూ మెక్సికోలో సాధ్యపడడానికి రాజ్యాంగ చరిత్ర కూడా ఒక కారణమని నా అభిప్రాయం. 1912లో న్యూ మెక్సికో రాష్ట్రంగా ఏర్పడినప్పుడు అమల్లోకి వచ్చిన రాజ్యాంగంలో, స్పానిష్ సంతతి పిల్లలకు ప్రభుత్వ బడుల్లో ప్రవేశం ఎన్నడూ నిరాకరించరాదని, వారిని వేరే బడుల్లో విడిగా ఉంచరాదని స్పష్టంగా రాశారు. స్పానిష్ మాట్లాడే పిల్లలకు పాఠం చెప్పగలిగేలా ఉపాధ్యాయులకు రెండు భాషల్లోనూ శిక్షణ ఇవ్వాలని కూడా అందులోనే ఉంది. అదే కాలంలో టెక్సస్‌లో మెక్సికన్ పిల్లలకు వేరే బడులు నడిచేవి. డెల్ రియోలో అటువంటి విభజనను సాల్వతియెర్రా అనే తండ్రి 1930లో కోర్టులో సవాలు చేయవలసి వచ్చింది. న్యూ మెక్సికో 1973లో ద్విభాషా, బహుళ సాంస్కృతిక విద్యాచట్టం చేసింది. కాలిఫోర్నియా 1998లో, అరిజోనా 2000లో ప్రజాభిప్రాయ ఓటు ద్వారా ద్విభాషా బోధనను చాలావరకు నిలిపివేశాయి. కాలిఫోర్నియా 2016లో ఆ నిర్ణయాన్ని మార్చుకుంది. రాజ్యాంగంలో రాసినదంతా న్యూ మెక్సికోలో అమలైందని నేను అనడం లేదు. కానీ ఆ వాక్యాలు అక్కడ ఉండడం వల్ల పేద తల్లిదండ్రులకు వాదించుకోవడానికి ఒక ఆధారం మిగిలింది.

ఎడారి_పంతులమ్మ:

చరిత్ర విద్యార్థి గారు చివర రాసిన మాట అక్షరాలా నిజం, దానికి రుజువు 2018లో వచ్చిన మార్టినెజ్–యాజీ తీర్పు. (ఇది పైన న్యాయవాది గారు వివరించిన మార్టినెజ్ కేసు కాదు, వేరేది.) పేద పిల్లలకు, ఆదివాసీ పిల్లలకు, ఇంగ్లీషు ఇంకా నేర్చుకుంటున్న పిల్లలకు, వైకల్యం ఉన్న పిల్లలకు తగినంత చదువు అందించడంలో రాష్ట్రం విఫలమైందని, అది రాష్ట్ర రాజ్యాంగాన్ని ఉల్లంఘించడమేనని న్యాయమూర్తి సారా సింగిల్టన్ తేల్చి చెప్పారు. నిధులను ఒకే సూత్రంతో పంచడం సమానత్వమే గాని, పంచే మొత్తమే చాలనప్పుడు ఆ సమానత్వంతో పిల్లవాడి చదువు పూర్తికాదని ఆ తీర్పు నాకు నేర్పింది. 1974 చట్టాన్ని నేను పైన మెచ్చుకున్నాను కాబట్టి ఈ లోపాన్ని కూడా చెప్పడం ధర్మం.

ఇప్పుడు తరగతి గది సంగతి. సరిహద్దు దాటి వచ్చే పిల్లలకు కష్టం ఇంగ్లీషు ఒక్కటే అనుకుంటారు. ఇంటికీ బడికీ మధ్య తెగిన సంబంధం అంతకంటే పెద్ద సమస్య అని నా అనుభవం. తల్లిదండ్రుల్లో చాలామందికి వీసా లేదు. బిడ్డ పాట పాడే రోజున, బహుమతి అందుకునే రోజున, చివరికి పట్టా తీసుకునే రోజున కూడా వారు బడి గడప తొక్కలేరు. పిల్లవాడికి మధ్యాహ్నం జ్వరం వస్తే తల్లికి ఫోన్ చేయగలం గాని, ఆమె వచ్చి తీసుకువెళ్లలేదు. ఇవతల ఉండే పిన్నినో, పొరుగువారినో పిలవాలి. సాయంత్రం ఆటలకు, సంగీతానికి, వెనకబడిన లెక్కల పాఠానికి ఉండమంటే ఆలస్యంగా బయలుదేరే బస్సు ఉండాలి, అది తనిఖీ కేంద్రం దాకా వెళ్లాలి. పై తరగతుల వాళ్లు చీకటి ఉండగానే లేచి, సరిహద్దు వరుసలో నిలబడి, ఆపైన ముప్పావు గంట బస్సులో కూర్చుని వస్తారు. మొదటి పీరియడ్‌లో కునుకు తీసే పిల్లవాణ్ణి బద్ధకస్తుడని రాసే ఉపాధ్యాయుడు అతని ఉదయం గురించి తెలుసుకోవాలి.

2020 మార్చి నుంచి 2021 నవంబరు దాకా అత్యవసరం కాని రాకపోకలను భూసరిహద్దుల దగ్గర అమెరికా నిలిపివేసింది. పౌరులైన పిల్లలు రావచ్చు, బడులే మూతపడ్డాయి. ఇంటర్నెట్ లేని ఇంట్లో, ఇంగ్లీషు రాని తల్లి పక్కన, ఆరేళ్ల పిల్లవాడు తెర మీద చదవడం నేర్చుకోవాలి. ఆ కాలంలో జరిగిన నష్టం ఏ పరీక్ష మార్కుల్లోనూ పూర్తిగా కనిపించదు. కానీ ఆ పిల్లలకు చదవడం మళ్లీ మొదటి నుంచి నేర్పిన ఉపాధ్యాయులకు అది బాగా తెలుసు.

సాలూరు_మాస్టారు:

పంతులమ్మ గారూ, మీ రచన చదువుతుంటే మా ప్రాంతంలోని కొటియా గ్రామాలు కళ్లముందు మెదిలాయి. ఆంధ్ర, ఒడిశా రెండూ తమవేనంటున్న కొండ ఊళ్లవి. అక్కడ రెండు ప్రభుత్వాలూ బడులు నడుపుతాయి, ఒకరు తెలుగులో, మరొకరు ఒడియాలో చెబుతామంటారు. ఇంట్లో పిల్లల భాష చాలాచోట్ల కువి. మీ దగ్గర పిల్లలను ఎవరు చేర్చుకోవాలన్న తగవు, మా దగ్గర ఇద్దరూ చేర్చుకుంటామన్న పోటీ. రెండు చోట్లా ఉపాధ్యాయుడు పిల్లవాడి ఇంటిభాష తెలుసుకున్నప్పుడే పాఠం నడుస్తుంది. అందుకే ఒక విషయం అడుగుతున్నాను: అటువంటి మారుమూల ఎడారి ఊళ్లలో పనిచేయడానికి ఉపాధ్యాయులు దొరుకుతున్నారా?

తిరుపతి_టీచర్:

దీనికి నేను సమాధానం చెప్పగలను మాస్టారూ. జె-1 వీసా (విదేశీ ఉపాధ్యాయులు తదితరులకు ఇచ్చే తాత్కాలిక వీసా) మీద న్యూ మెక్సికోలో సైన్సు బోధించి తిరిగి వచ్చినవాళ్లలో నేను ఒకదాన్ని. అక్కడ లెక్కలు, సైన్సు, ప్రత్యేక విద్య చెప్పేవారి కొరత తీవ్రంగా ఉంటుంది. అందుకే ఫిలిప్పీన్స్ నుంచి పెద్ద సంఖ్యలోనూ, మన దేశం నుంచి కొంతమేరకూ ఉపాధ్యాయులను రప్పించుకుంటారు. వీసా మూడేళ్లకు ఇచ్చి, మరో రెండేళ్ల దాకా పొడిగించవచ్చు. తరువాత తిరిగి వెళ్లిపోవాలి. పిల్లల మనసు, ఊరి తీరు అర్థమయ్యేసరికి మా గడువు ముగుస్తుంది. వెళ్లేవారు వెళుతుంటే కొత్తవారు వచ్చి మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంటారు. ఆ మార్పిడి భారమంతా పిల్లలే మోస్తారు.

2022లో రాష్ట్రం ఉపాధ్యాయుల కనీస వార్షిక వేతనాన్ని మూడు స్థాయిల్లో 50,000, 60,000, 70,000 డాలర్లకు పెంచింది. దాని ఫలితంగా కొందరు స్థానికులు వృత్తిలో నిలిచారు. అయితే శాశ్వత పరిష్కారం ఆ ఊళ్లలో పుట్టి పెరిగిన పిల్లలే ఉపాధ్యాయులై తిరిగి రావడమని నా నమ్మకం. రెండు భాషలూ వచ్చిన, ఆ ఎండకు అలవాటుపడిన, తానూ ఒకప్పుడు ఆ తనిఖీ వరుసలో నిలబడిన మనిషి చెప్పగలిగినట్టు నేను చెప్పలేకపోయాను.

డాలస్_నివాసి:

ఈ చర్చ నుంచి చాలా తెలుసుకున్నాను. పిల్లలను పంపివేయాలని నేను కోరడం లేదని మరోసారి స్పష్టం చేస్తున్నాను. నా అభ్యంతరం ఇప్పుడు వేరే రూపం తీసుకుంది. అలవాటు మీద నడిచే ఏర్పాటు అధికారుల మనసు మారిన రోజున కూలిపోతుంది. 2025 జనవరిలో జన్మతః పౌరసత్వాన్ని పరిమితం చేస్తూ అధ్యక్షుడు ఆదేశం ఇచ్చారు. బడులు, ఆసుపత్రుల వద్ద వలస అధికారుల చర్యలను పరిమితం చేసిన పాత మార్గదర్శకాన్ని కూడా అదే నెలలో ఉపసంహరించారు. రేపు బోర్డు మారితే, వంతెన దగ్గర నోటీసులు డెమింగ్‌లోనూ మొదలైతే, ఆ పిల్లలు ఏ కాగితం చూపించి నిలబడతారు?

విశాఖ_న్యాయవాది:

మీ ఆందోళన సమంజసమైనది. అమెరికా గడ్డ మీద పుట్టినవారు, తల్లిదండ్రులు విదేశీయులైనా, పౌరులేనని రాజ్యాంగపు 14వ సవరణ ఆధారంగా సుప్రీంకోర్టు 1898లో వాంగ్ కిమ్ ఆర్క్ కేసులో చెప్పింది. 2025 నాటి ఆదేశాన్ని పలు న్యాయస్థానాలు అమలు కాకుండా అడ్డుకున్నాయి. ఆ ఆదేశం కూడా తరువాత పుట్టబోయే పిల్లలను ఉద్దేశించినదే. ఇప్పుడు బస్సు ఎక్కుతున్న పిల్లల పౌరసత్వాన్ని అది తాకదు. కాబట్టి సరిహద్దు దాటే హక్కు వారికి ఉంది. దాటిన తరువాత బడిలో చేరే హక్కు విషయంలోనే ఖాళీ ఉంది. ‘రాష్ట్రంలోని బడి వయసు పిల్లలందరికీ’ ఉచిత విద్య అని న్యూ మెక్సికో రాజ్యాంగం అంటుంది. పాలోమాస్ రాష్ట్రంలో లేదు. ఆ ఖాళీని ఇంతకాలం స్థానిక బోర్డుల సద్బుద్ధి పూడ్చింది. ఒక న్యాయవాదిగా నాకు సద్బుద్ధి మీద గౌరవం ఉంది, కానీ పిల్లల చదువును దాని మీద ఒక్కదాని మీదే వదలకూడదు.

ఎడారి_పంతులమ్మ:

డాలస్ సోదరులకు, న్యాయవాది గారికి కృతజ్ఞతలు. నేను మొదట్లో అడిగిన పునాది ప్రశ్నకు మీ ఇద్దరి మాటల నుంచే సమాధానం వచ్చింది. సరిహద్దు జిల్లాల్లో ఉపాధ్యాయులుగా పనిచేస్తున్న మేము కోరవలసింది ఇదని నేను అనుకుంటున్నాను. పొరుగు దేశపు సరిహద్దు పట్టణంలో తల్లిదండ్రులతో కలిసి ఉంటున్న అమెరికా పౌరులైన పిల్లలను సరిహద్దు జిల్లాలు రుసుము లేకుండా చేర్చుకోవచ్చనీ, ఒకసారి చేరిన పిల్లవాణ్ణి పన్నెండవ తరగతి ముగిసేదాకా నివాసం కారణంగా తొలగించరాదనీ రాష్ట్ర శాసనసభ స్పష్టమైన వాక్యంతో చట్టం చేయాలి. భవనాల బాండ్ల భారం ఆ కౌంటీ మీద పడకుండా, ఆ పిల్లల సంఖ్య మేరకు రాష్ట్రం తన వాటా కలపాలి. అప్పుడు లూనా కౌంటీ గృహస్థుడి ఫిర్యాదుకూ న్యాయం జరుగుతుంది. సాయంత్రం ఆలస్యపు బస్సుకు ప్రత్యేకంగా నిధులు ఇవ్వాలి. తల్లిదండ్రుల సమావేశాలు వీడియో ద్వారా, స్పానిష్‌లో, వారు పొలం పని ముగించుకుని వచ్చే వేళకు జరగాలి. దీనికి ఏ చట్టమూ అక్కరలేదు, ప్రధానోపాధ్యాయుల నిర్ణయం చాలు.

న్యూ మెక్సికో శాసనసభ జనవరిలో సమావేశమవుతుంది. లాస్ క్రూసెస్, ఆల్బుకర్కీ ప్రాంతాల్లో ఓటు హక్కు ఉన్న తెలుగువారు ఈ వేదికలో ఉంటే దయచేసి ముందుకు రండి. మీ నియోజకవర్గ ప్రతినిధికి రాయవలసిన లేఖ ముసాయిదాను నేను ఈ వారాంతానికి ఇక్కడ ఉంచుతాను. న్యాయవాది గారు దానిలోని చట్టపరమైన వాక్యాలను సరిచూడాలని, డాలస్ సోదరులు పన్ను చెల్లించేవారి వైపు నుంచి రాగల ప్రశ్నలను ముందుగానే రాసి ఇవ్వాలని కోరుతున్నాను.